రుడాల్ఫ్ డీజిల్

డీజిల్ అను మాట వినని వారు నేడు మన దేశమున అరుదు. లారీలను, బస్సులను, పొలములలో ట్రాక్టర్లను నడపు నూనెకు అదియే పేరు. మహాసముద్రములు దాటు ఓడల గర్భమున పనిచేయు యంత్రములకును అదియే పేరు. కాని అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు కొందరే. తన పేరును లోకమునకిచ్చి, తాను అప్పులలో మునిగి, నడిసముద్రమున అదృశ్యుడైన ఆ యంత్రశిల్పి కథ యిది.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతపు వారు. తండ్రి పుస్తకములకు అట్టలు కట్టుచు, తోలువస్తువులు చేయుచు కుటుంబమును పోషించుచుండెను. 1870లో ఫ్రాన్సునకును జర్మన్ రాజ్యములకును యుద్ధము సంభవించుటచే ఆ కుటుంబము పారిస్ విడిచి లండను చేరవలసి వచ్చెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును తలిదండ్రులు ఆగ్స్‌బర్గ్ పట్టణమునందలి బంధువుల యింటికి పంపిరి. ఆ యింటి యజమాని గణితోపాధ్యాయుడు. బాలుడు ఆయన నీడను శ్రద్ధతో చదివి, విద్యార్థివేతనముతో మ్యూనిక్ సాంకేతిక విద్యాలయమున ప్రవేశించెను.

అచ్చట కార్ల్ వాన్ లిండే అను ఆచార్యుడు ఆవిరియంత్రమును గూర్చి బోధించుచు, బొగ్గు నుండి పుట్టిన వేడిలో పదవ వంతైనను మించి పనిగా మారుట లేదనియు, తక్కినదంతయు వృథా యగుచున్నదనియు తెలిపెను. ఆ మాట డీజిల్ హృదయమున నాటుకొనెను. ఆ వ్యర్థమును మాన్పుటయే ఆయన జీవితలక్ష్య మయ్యెను. చిన్న చేతిపనివారికి సయితము అందుబాటులో నుండు యంత్రమును నిర్మించి, వారిని పెద్ద కర్మాగారముల పోటీ నుండి కాపాడవలెనని ఆయన కోరిక.

సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనమెల్లరము ఎరిగినదే. డీజిల్ ఊహకు ఆధారము ఈ సూత్రమే. సిలిండరులోని గాలిని మిక్కిలి గట్టిగా అదిమినచో అది తీవ్రముగా వేడెక్కును. అందులో నూనె చల్లినచో నిప్పురవ్వ అక్కర లేకయే మండును. 1892లో ఆయన ఈ భావమునకు పేటెంటు కోరెను. ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో 1893 ఆగస్టులో జరిగిన తొలి పరీక్షయందు యంత్రముపై నమర్చిన కొలతపరికరము పగిలి ముక్కలు చెదరెను. డీజిల్ ప్రాణాపాయము తప్పించుకొనెను. అయినను ఆయన వెనుదీయలేదు. మరుసటి ఫిబ్రవరిలో యంత్రము తనంత తాను ఒక నిమిషము మాత్రము తిరిగెను. ఆ ఒక నిమిషమునుండి విజయమునకు మూడేండ్లు పట్టెను. 1897లో జరిగిన పరీక్షలో క్రొత్త యంత్రము నూనెలోని వేడిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చినట్లు తేలెను.

ఆ యంత్రపు శక్తి సుమారు 20 అశ్వబలములు. బరువు సుమారు 4.5 టన్నులు. అంతటి భారమును ఏ బండి మోయగలదు? కావున అది రహదారిని గాక నీటిని చేరెను. 1903 నాటికే ఫ్రాన్సు కాలువలలోను, రష్యాలోని వోల్గా నదిపైనను డీజిల్ పడవలు సాగెను. 1912లో డెన్మార్కు దేశమున నిర్మితమైన సెలాండియా అను ఓడ కోపెన్‌హాగెన్ నుండి బాంకాకునకు ప్రయాణించెను. దానియందలి రెండు యంత్రములు ఒక్కొక్కటి 1,250 అశ్వబలములు గలవి. వానికి బొగ్గు లేదు, కొలిమి లేదు, మంటల ముందు మాడుచు పారలతో బొగ్గు వేయు కూలీలు లేరు.

ఓడకు తగిన యంత్రము బండికి ఏల తగదో ఇచట తెలిసికొనుట అవసరము. లారీ మిట్ట నెక్కునపుడు పూర్తిబలము చూపును, సమతలమున కొంత బలముతోనే సాగును, పల్లమున విశ్రమించును. ఓడకు పల్లము లేదు. నీరు ఎల్లపుడును ఎదురొత్తుచునే యుండును గనుక, ఓడయంత్రము రేయింబవళ్లు మిట్ట నెక్కుచున్నట్లే పనిచేయవలెను. లారీయంత్రము తేలికగా నుండవలెను, వేగముగా తిరుగవలెను, క్షణక్షణము వేగము మార్చుకొనవలెను. అందులకే దానికి గేర్లు కావలెను. ఓడకు పెద్ద ప్రొపెల్లరు మెల్లగా తిరుగుటయే మేలు. సెలాండియా యంత్రములు నిమిషమునకు 140 చుట్లు తిరిగినవి; నేటి లారీయంత్రము వేయి చుట్లకు మించి తిరుగును. ఒకదాని గుణము చురుకుదనము. రెండవదాని గుణము ఓర్పు.

యంత్రము ఇట్లు లోకమును జయించుచుండగా దానిని సృజించినవాడు క్రుంగిపోవుచుండెను. పేటెంటు వివాదములును, అనారోగ్యమును ఆయనను బాధించెను. ఆర్జించిన ధనము తప్పు వ్యాపారములలో కరిగిపోయెను. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఆయన ఆంట్‌వెర్ప్ రేవున డ్రెస్డెన్ అను ఓడ నెక్కి ఇంగ్లండునకు బయలుదేరెను. ఆ ఓడ ఆవిరితో నడచునదే. మిత్రులతో భుజించి, తన గదికి వెడలెను. తెల్లవారి చూడగా గది శూన్యము. ఆయన టోపీయు, పైకోటును ఓడపై కనబడెను. కొన్ని దినములకు సముద్రమున తేలిన శరీరమును డచ్చి నావికులు చూచిరి. వారు తీసికొనివచ్చిన వస్తువులను ఆయన కుమారుడు గుర్తించెను. అది ఆత్మహత్యయో, ప్రమాదమో, మరేమో నిశ్చయముగా తేలలేదు.

లారీలలో తన యంత్రము చేరుట ఆయన చూడలేదు. ఇంజనీర్లు దాని బరువు తగ్గించి, నూనెను చల్లుటకు చిన్న పంపులు కనిపెట్టిన పిదప 1924 ప్రాంతమున జర్మనీలో డీజిల్ లారీలు రహదారుల కెక్కెను. 1936లో డీజిల్ కారు విపణికి వచ్చెను. 2006లో ఎమ్మా మెర్స్క్ అను ఓడలో అమర్చిన 14 సిలిండర్ల యంత్రము లక్ష అశ్వబలములకు మించినది. అయినను నిమిషమునకు తిరుగునది సుమారు 100 చుట్లే. అట్టి యంత్రములు నేడు నూనె వేడిలో ఇంచుమించు సగము పనిగా మార్చుచున్నవి.

విద్యార్థిదశలో విన్న ఒక మాటను మరువక జీవితమంతయు వెంబడించినవాడు డీజిల్. చేతిపనివారికై ఆయన తలపెట్టిన యంత్రము ముందుగా మహానౌకలకు ఉపకరించినది. కాలక్రమమున చిన్న రైతు పొలమునకు నీరు తోడుటకును వచ్చినది. ఆయన కోరిక ఆలస్యముగానైనను, ఒక పాలైనను నెరవేరినది.