సోల కూడా కొలతే: పాల్కురికి సోమనాథుల వారి కథ



పాలకుర్తి గుట్ట మీది శ్రీ సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వామి వారి వీడియో చూశారు కదా. పక్కపక్క గుహల్లో శివయ్య, నరసింహస్వామి. నడవలేని ఒక ముసలవ్వ ప్రదక్షిణ చేయలేక ఏడిస్తే గుట్టే చీలి ఆమెకు దారి ఇచ్చిందని అక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊరి నుంచే ఒక కవి పుట్టి, నడవలేని వాళ్ళ కోసం కాదు గానీ, చదవలేని వాళ్ళ కోసం ఒక దారి వేశారు. ఈ పోస్టు ఆయన గురించి.

ఎందుకు ఇప్పుడు అంటే చెప్తాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఏ గుడికి షూటింగుకి పోయినా డిగ్రీ అయిపోయి కోచింగుల్లో ఏళ్ళు గడిపిన పిల్లలు కనిపిస్తారు. నోటిఫికేషన్ రాలేదు, వస్తే ఒకటీ రెండు మార్కుల్లో పోయింది. వాళ్ళ మాటల్లో ఉద్యోగం లేదన్న బాధ కన్నా, నేను దేనికీ పనికిరాను అన్న మాటే ఎక్కువ వినబడుతుంది. ఇంకో రకం వాళ్ళు కూడా ఉన్నారు. ఆశా వర్కరుగా, అంగన్‌వాడీ ఆయమ్మగా, 108 బండి మీద చేసేవాళ్ళు. రోజూ పది మందికి ఆసరా అవుతారు, అయినా ఏం పని చేస్తున్నారని అడిగితే, ఏదో చిన్న పని అని గొంతు తగ్గించి చెప్తారు. ఈ ఇద్దరికీ చెప్పాల్సిన కథ మన జనగామ మట్టిలోనే ఉంది.

పాలకుర్తికి పాత పేరు పాల్కురికి. పోతన గారి బమ్మెర కూడా ఈ మండలమే. ఒకే మండలంలో ఇద్దరు మహాకవులు, ఆలోచిస్తే ఆశ్చర్యమే. సోమనాథుల వారి తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. కాలం కాకతీయులది. కచ్చితంగా ఏ ప్రతాపరుద్రుడి కాలం అన్నదాని మీద పండితులు తరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు, ఆ గొడవలోకి నేను పోను.

ఆయన కులం ఏమిటన్నదాని మీద కూడా ఇట్లాంటి వాదనే నడిచింది. ఆయన మాత్రం తన పుస్తకాల్లో ఆ తగువు పెట్టుకోలేదు. తనది భృంగిరిటి గోత్రమనీ, తను గురులింగం బిడ్డననీ, శివకులం వాడిననీ చెప్పుకున్నారు. భృంగిరిటి అంటే శివయ్య ముందు ఎముకల గూడుగా నిలబడి ఆడే భృంగి. పుట్టుకతో వచ్చిన విలువను పక్కన పెట్టి, తను నమ్మినదాని నుంచి తన విలువను తెచ్చుకోవడమంటే ఇదే. ఊరికే మాటలు కావు ఇవి. ఆ రోజుల్లో ఆ మాట అంటే చాలా ఇళ్ళ గడపలు మూసుకుపోతాయి.

చదువు తక్కువై జనంలోకి వచ్చిన మనిషి కాదాయన. సంస్కృతంలో భాష్యం రాశారు. కన్నడం వచ్చు. వృషాధిప శతకం చూస్తే తమిళం, మరాఠీ కూడా ఎట్లా వాడుకున్నారో తెలుస్తుంది. తెలుగులో తొలినాటి శతకాల్లో అది ఒకటి. అనుభవసారం, చతుర్వేదసారం, బసవోదాహరణం, చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. రాజుగారి కొలువులో పెద్దపీట మీద కూర్చోవడానికి కావాల్సిన సరుకంతా ఆయన దగ్గర ఉంది. అయినా ఆ పీట వైపు పోలేదు. బసవపురాణాన్ని ద్విపదలో రాసి గొబ్బూరి సంగన అనే తోటి శివభక్తుడికి అంకితం ఇచ్చారు.

ద్విపద అంటే రెండేసి పాదాలు. పొలంలో కలుపు తీస్తూ పాడుకోవచ్చు, తిరగలి విసురుతూ పాడుకోవచ్చు. ఒకసారి విన్నవాళ్ళకు రెండోసారి నోటికి వస్తుంది. అప్పటి పండితుల లెక్కలో అది పెద్ద కావ్యానికి పనికొచ్చే ఛందస్సు కాదు. పెద్ద కావ్యమంటే వృత్తాలు, కందాలు, మధ్యలో వచనం, అన్నీ కలిపి సంస్కృత సమాసాలతో ఉండాలి. నన్నయ గారు, తిక్కన గారు నడిచిన బాట అది. ఆ బాటలో రాజుల కథలు వచ్చాయి. కుమ్మరి, చాకలి, గడ్డి కోసేవాడు కథానాయకుడై, వాళ్ళ నోటికి అందే మాటల్లో ఉన్న పురాణం మాత్రం తెలుగులో అప్పటికి లేదు. సోమనాథుల వారు ఆ లోటు చూశారు. చూసి ఊరుకోకుండా, దాన్ని పూడ్చడమే తన పని అనుకున్నారు.

ఇక్కడ ఆయన బసవపురాణం మొదట్లో ఒక పోలిక చెప్తారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ పోలిక దగ్గరే. దాని సారం నా మాటల్లో చెప్తాను. మన ఇళ్ళల్లో అమ్మమ్మల కాలం దాకా గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము ఉండేవి. తూము పెద్దది. కల్లం దగ్గర ధాన్యం కొలిచేది దాంతోనే. సోల చిన్నది, ఒక్క తూములో పదుల కొద్దీ సోలలు పడతాయి. తూము కొలత అని ఒప్పుకున్నప్పుడు సోల కూడా కొలతే కదా అంటారాయన. సోలలో పోసింది తక్కువ గింజలే కావచ్చు, కొలవడంలో మాత్రం దానికి తక్కువతనం లేదు. అట్లాగే ఇవి తెలుగు మాటలే కదా అని చిన్నచూపు చూడొద్దు, వేదాలతో సమానంగా చూడండి అని ఆయన అడిగారు.

గమనించండి, సోలను తూము చేస్తానని ఆయన అనలేదు. నువ్వు కూడా ఒకనాటికి తూమువి అవుతావులే అని బుజ్జగించనూ లేదు. ఈ రోజుల్లో మోటివేషన్ వీడియోలన్నీ ఆ పనే చేస్తాయి, నాకు అవి అంతగా నచ్చకపోవడానికి కారణం కూడా అదే.

ఈ ఎంపికకు ధర లేకపోలేదు. తర్వాతి కాలంలో బసవపురాణాన్ని పద్యాల్లోకి మార్చిన పిడుపర్తి సోమన ఒక కథ చెప్తారు. ఓరుగల్లులో స్వయంభూ దేవుడి గుడికి ప్రతాపరుద్ర మహారాజు వచ్చాడట. అక్కడ భక్తులు గుంపుగా కూర్చుని బసవపురాణం చదువుకుంటున్నారు. అదేమిటని రాజు అడిగితే పక్కనున్న ఒకాయన, పాల్కురికి సోముడనే భ్రష్టుడు ప్రాసలు కూడా సరిగ్గా కుదరకుండా కొత్తగా కట్టిన కథ అని తేలిగ్గా తీసిపారేశాడు. రాజు అంతటితో వెళ్ళిపోయాడు. ప్రాస విషయంలో సోమనాథుల వారు స్వేచ్ఛ తీసుకున్న మాట నిజమే, కావాలనే తీసుకున్నారు. గుడిలో కూర్చుని చదువుకుంటున్న వాళ్ళు ఆ మాట విని పుస్తకం మూసేసి ఉంటే ఈ రోజు మనకు బసవపురాణం ఉండేది కాదు.

ఇంతకీ ఆ పురాణంలో ఏముంది? కల్యాణ పట్నంలో బిజ్జలుడి దగ్గర మంత్రిగా ఉండి జంగమ సేవ చేసిన బసవేశ్వరుడి జీవితం అసలు కథ. దాని చుట్టూ ఎంతో మంది భక్తులు. కుండ మీద తాళం వేస్తూ శివనామం పాడితే శివుడే వచ్చి ఆడిన కుమ్మరి గుండయ్య. శివయ్య విషం మింగాడని ఎవరో పురాణం చెప్తే విని, అయ్యో ఆయనకు ఏమవుతుందోనని చెరువులో దూకబోయిన రుద్రపశుపతి.

మాదర చెన్నయ్య కథ తీసుకోండి. చోళరాజు గుర్రాలకు గడ్డి కోసుకొచ్చే పని ఆయనది. తన భక్తి ఎవరికీ తెలియనివ్వడు. రాజు ప్రతిరోజూ శివుడికి పంచభక్ష్యాలతో నైవేద్యం పెడతాడు, శివుడు ఆరగిస్తాడు. ఒకరోజు ముట్టలేదు. నా వల్ల ఏం అపచారం జరిగిందోనని రాజు ప్రాణం తీసుకోబోతే, శివుడు అసలు సంగతి చెప్పాడు. పొద్దున చెన్నయ్యతో కలిసి అంబలి తాగాడట, కడుపు నిండిపోయిందట. రాజు పరిగెత్తుకుంటూ వచ్చి గడ్డి కోసేవాడి కాళ్ళ మీద పడ్డాడు. చెన్నయ్య సంబరపడలేదు, తన గుట్టు బయటపడిందని బాధపడ్డాడు. రాజు వచ్చి మొక్కకముందు కూడా ఆయన చెన్నయ్యే, అంబలి తాగిన రోజు పొద్దున కూడా ఆయన చెన్నయ్యే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బెజ్జమహాదేవి కథ. అందరూ శివుడి దగ్గరికి పోయి నాకిది కావాలి, అది కావాలి అంటారు. ఈ తల్లి మాత్రం ఆయనకు ఏం తక్కువైందో చూసింది. లోకంలో అందరికీ తల్లి ఉంది, ఈయనకు లేదు. ఉంటే వల్లకాట్లో తిరగనిస్తుందా, ఒంటికి బూడిద పూసుకోనిస్తుందా, పాముల్ని మెడలో వేసుకోనిస్తుందా, విషం తాగుతుంటే చూస్తూ ఊరుకుంటుందా? సరే, నేనే తల్లిని అవుతాను అనుకుంది. అంతే. లింగాన్ని పసిబిడ్డను చేసుకుంది. నూనె పెట్టింది, నలుగు పెట్టింది, నీళ్ళు పోసింది, కాటుక దిద్దింది, పాలు పట్టింది. ఒకరోజు శివయ్య ఆమెను పరీక్షిద్దామని గొంతు నొప్పి వచ్చిన బిడ్డలాగా పాలు ముట్టుకోలేదు. ఆమె గుండె పగిలిపోయింది, ప్రాణం తీసుకోబోయింది. అప్పుడు ఆయన ప్రత్యక్షమయ్యాడు. లోకం ఆమెను అమ్మవ్వ అని పిలిచింది.

ఆమె వేదం చదివిందని గానీ, తపస్సు చేసిందని గానీ సోమనాథుల వారు చెప్పరు. ఆమె చేసిందంతా మన ఇళ్ళల్లో బాలింత పక్కన కూర్చునే పెద్దావిడ చేసే పనే. తండాల్లో, గూడేల్లో తిరిగే ఏఎన్ఎమ్ అమ్మాయి పసిబిడ్డను తూకం వేసి, తల్లికి ధైర్యం చెప్పి వచ్చే పని కూడా ఇలాంటిదే. ఆ పనిని కవి పురాణంలోకి ఎక్కించి, దానికి దైవాన్ని దింపుకొచ్చారు.

సాయం చేసేవాళ్ళకు వచ్చే జబ్బు గురించి కూడా ఆయనకు తెలుసు. బసవన్నకే ఒకసారి, నా అంత దాత ఎవరున్నారు అన్న గర్వం వచ్చిందట. దాన్ని దించినవాడు మరో మంత్రి కాదు, మడివాలు మాచయ్య. భక్తుల బట్టలు ఉతకడమే ఆయన జీవితం. ఇచ్చేవాడికి తను ఇస్తున్నానన్న ఊహ ఎక్కువైతే తీసుకునేవాడు కుంచించుకుపోతాడు. బసవన్న ఆ మాట మాచయ్య నోట విని తల వంచాడు. నిజం చెప్పాలంటే ఈ కథను మన ఊళ్ళల్లో అన్నదానం ఫ్లెక్సీలు కట్టించే వాళ్ళందరికీ ఒకసారి వినిపించాలి.

బసవపురాణం అంతా ఇట్లాగే మెత్తగా ఉంటుందని అనుకోకండి. శివభక్తులు కానివాళ్ళ మీద, ముఖ్యంగా జైనుల మీద అందులో చాలా కోపం ఉంది, చంపుకోవడాలు ఉన్నాయి. ఆ కథలు నేను పిల్లల వీడియోల్లో చెప్పను. ఆయనకు అందరూ సమానమే, కాకపోతే శివుడి గడప లోపలికి వచ్చినవాళ్ళలోనే. ఆ కాలం వీరశైవం అట్లాంటిది.

తర్వాత పండితారాధ్య చరిత్ర రాశారు. మల్లికార్జున పండితారాధ్యుల జీవితం అది. అందులో చివరి భాగం పర్వత ప్రకరణం, మొత్తం శ్రీశైలమే. శివరాత్రికి కొండ ఎక్కే జనం, వాళ్ళ పాటలు, గడ మీద ఆడేవాళ్ళు, బొమ్మలాటలు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని ఆనాటి జనం పాటల పేర్లు ఆయన రాసిపెట్టబట్టే ఈ రోజు మనకు తెలుసు. ఎవరూ తాటాకు మీద ఎక్కించని పాటలకు పేర్లు పెట్టి దాచారు. మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రుడి జాతరకు తండాల నుంచి కదిలే జనాన్ని చూసినా, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాల ముందు శివరాత్రి జాగారం చేసేవాళ్ళను చూసినా నాకు ఆ ప్రకరణమే గుర్తుకొస్తుంది. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం, త్రిలింగ దేశానికి మూడు హద్దులు అంటారు కదా.

ఆయన చివరి రోజుల్లో కన్నడ దేశం వెళ్ళి అక్కడే శివైక్యం చెందారని సంప్రదాయం. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి తీసుకెళ్ళాడు. కన్నడ దేశంలో పుట్టిన బసవన్న కథను కన్నడిగులు మన పాలకుర్తి మనిషి పుస్తకం నుంచి తీసుకున్నారు. 1990లో వెల్చేరు నారాయణరావు గారు, జీన్ రోఘైర్ గారు కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు.

పాలకుర్తి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఎక్కితే బండ కాలుతుంది. వచ్చే వారం వీడియో పర్వత ప్రకరణం మీద. హర హర మహాదేవ.