యోషియో తమియా

యోషియో తమియా (1905 - 1988) జపాను దేశానికి చెందిన పారిశ్రామికవేత్త, తమియా సంస్థ స్థాపకుడు. యుద్ధ ట్యాంకులు, నౌకలు, విమానాలు, కార్ల నమూనాలను విడిభాగాలుగా తయారుచేసి, కొన్నవారే అతికించుకొనేలా కిట్ల రూపంలో అమ్మే సంస్థలలో తమియా ప్రపంచ ప్రసిద్ధి చెందింది. ట్యాంకు నమూనాలకు నేడు ఎక్కువగా వాడే 1/35 స్కేలు ఈ సంస్థ ద్వారానే వ్యాప్తిలోకి వచ్చింది. ఆయన ఈ రంగంలోకి కర్రల వ్యాపారి గానే ప్రవేశించాడు. రెండు సార్లు నష్టపోయిన తరువాత ఒక ట్యాంకు బొమ్మ ఆయన సంస్థను నిలబెట్టింది.

షిజువోకా నగరం

టోక్యోకు నైరుతి దిశలో, ఫ్యూజీ పర్వతానికి అవతల పసిఫిక్ తీరాన షిజువోకా నగరం ఉంది. తేయాకుకు, కర్రపనికి ఈ ప్రాంతం పేరుపొందింది. ఇక్కడి సెంగెన్ ఆలయాల నిర్మాణానికి పూర్వం దేశం నలుమూలల నుండి వచ్చిన వడ్రంగులు, చిత్రకారులు, లక్క పనివారు ఇక్కడే స్థిరపడ్డారని చెబుతారు. వారి వలన కర్ర సామాను, లక్క వస్తువులు, బొమ్మల తయారీ ఈ ఊరి వృత్తులయ్యాయి. మన కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చుట్టూ ఒక వృత్తి ఏర్పడినట్లే అక్కడా జరిగిందనుకోవచ్చు. తేడా ఏమిటంటే కొండపల్లి బొమ్మ పూర్తయి అంగడికి వస్తుంది, షిజువోకా బొమ్మ ముక్కలుగా వస్తుంది.

1945 జూన్ 19-20 రాత్రి అమెరికా విమానదాడిలో ఈ నగరంలో చాలా భాగం కాలిపోయింది. రెండు నెలలలో యుద్ధం ముగిసింది. కాలిపోయిన ఊరికి ఇళ్ళు కావాలి, ఇళ్ళకు కలప కావాలి. ఈ పరిస్థితులలో యోషియో 1946లో తమియా షోజి అనే పేరుతో కలప కోత, అమ్మకాల వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది.

కర్ర నమూనాలు

కోత మిల్లులో ముక్కలు మిగులుతాయి. కలప సులువుగా దొరకడం వలన 1947లో ఆయన వ్యాపారానికి అనుబంధంగా కర్ర నమూనాల విభాగాన్ని ప్రారంభించాడు. ఓడలు, విమానాలు ముఖ్యమైన సరుకు. ఆ కాలపు కర్ర కిట్ అంటే ఈనాటి కిట్ వంటిది కాదు. పెట్టెలో సగం చెక్కిన దిమ్మ, కొన్ని పలుచని చెక్కలు, ఒక పటం ఉండేవి. మిగిలిన పని అంతా కొన్నవాడిదే. పటం చూసి చెక్కుకోవాలి, గరుకు కాగితంతో నునుపు చేసుకోవాలి, రంగు వేసుకోవాలి. చేయి తిరిగిన పిల్లవాడి చేతిలో ఓడ అయ్యేది, తిరగని వాడి చేతిలో అది దిమ్మగానే మిగిలేది.

1951లో అగ్నిప్రమాదం జరిగి మిల్లు దెబ్బతిన్నది. కలప వ్యాపారాన్ని పూర్వస్థితికి తేవడం కష్టమైంది. 1953లో ఆయన దానిని పూర్తిగా విరమించి, అనుబంధంగా ఉన్న నమూనాల తయారీనే ప్రధాన వృత్తిగా చేసుకున్నాడు. ఇళ్ళకు అవసరమైన సరుకును వదలి పిల్లల ఆటవస్తువును నమ్ముకోవడం ఆ రోజులలో సాహసమే.

ప్లాస్టిక్ రాక

1950ల మధ్య నుండి అమెరికా, బ్రిటన్లలో తయారైన ప్లాస్టిక్ కిట్లు జపాను అంగళ్ళలోకి రాసాగాయి. వీటిలో ప్రతి భాగం ముందే అచ్చుపోసి ఉంటుంది. కిటికీ చట్రం, రివెట్టు తల వంటి చిన్న వివరాలు కూడా అచ్చులోనే వస్తాయి. చెక్కే పని లేదు, కత్తిరించి అతికించడమే. కర్ర నమూనాల అమ్మకాలు ఏటేటా తగ్గాయి.

1958లో యోషియో కుమారుడు షున్సాకు తమియా (జననం 1934) వసేడా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువు ముగించుకొని సంస్థలో చేరాడు. మరుసటి సంవత్సరం తండ్రీకొడుకులు ప్లాస్టిక్ కిట్లు తయారుచేయాలని నిర్ణయించారు.

ఈ నిర్ణయంలోని ప్రమాదం తెలియాలంటే ప్లాస్టిక్ కిట్ తయారయ్యే విధానం కొంత తెలియాలి. కరిగించిన పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్కును గట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. చల్లారిన తరువాత భాగాలన్నీ ఒక చట్రానికి అంటుకొని బయటికి వస్తాయి. ప్లాస్టిక్ చవక, ఒక్కొక్క కిట్‌ను పోయడానికి పట్టే సమయమూ తక్కువే. ఖర్చంతా అచ్చుదే. ఉక్కును మిల్లీమీటరులో చిన్న భాగం కూడా తేడా రాకుండా చెక్కే నిపుణులకు ముందుగానే పెద్ద మొత్తం చెల్లించాలి. కర్ర బొమ్మ అమ్ముడు కాకపోతే పోయేది ఒక కర్రముక్క. ప్లాస్టిక్ బొమ్మ అమ్ముడు కాకపోతే అచ్చుపై పెట్టిన పెట్టుబడి అంతా పోతుంది. వేల సంఖ్యలో అమ్మితే తప్ప అసలు కూడా తిరిగి రాదు.

యమాటో యుద్ధనౌక

1960లో వెలువడిన తమియా తొలి ప్లాస్టిక్ కిట్ జపాను నౌకాదళపు పెద్ద యుద్ధనౌక యమాటో, 1/800 స్కేలులో. 1945 ఏప్రిల్‌లో మునిగిపోయిన ఈ నౌక పేరు తెలియనివారు జపానులో లేరు కనుక ఎంపిక సరైనదే. అయితే అదే ఆలోచన మరొకరికీ వచ్చింది. పోటీ సంస్థ యమాటో కిట్‌ను 350 యెన్లకు విడుదల చేసింది. తమియా అనుకొన్న ధర అంతకన్న ఎక్కువ. గత్యంతరం లేక 350 యెన్లకే అమ్మారు, అమ్మిన కొద్దీ నష్టం వచ్చింది. మరొక అచ్చు చేయించే శక్తి లేక సంస్థ తిరిగి కర్ర నమూనాలకు వెళ్ళవలసి వచ్చింది.

ఆ సమయంలో సంస్థను కాపాడినది గొప్ప నమూనా ఏమీ కాదు. ఏదో ప్లాస్టిక్ ఆటవస్తువుకు వాడిన అచ్చుల సాయంతో చేసిన చిన్న రేసు కారు బొమ్మ అది. తక్కువ ధర వలన పిల్లలు విరివిగా కొన్నారు. దాని రాబడితో యోషియో రెండవసారి పెద్ద ప్లాస్టిక్ కిట్‌కు సిద్ధపడ్డాడు. ఇదీ విఫలమైతే మూడవ అవకాశం ఉండేది కాదు.

ఈ కాలంలోనే సంస్థకు రెండు నక్షత్రాల చిహ్నం వచ్చింది. షున్సాకు తమ్ముడు మసావో, టోక్యోలో చిత్రకళ చదువుతూ దీనిని గీసాడు. ఎర్ర నక్షత్రం ఉత్సాహానికి, నీలి నక్షత్రం కచ్చితత్వానికి గుర్తు.

పాంథర్ ట్యాంకు

రెండవ ప్రయత్నానికి ఎన్నుకొన్నది రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన పాంథర్ ట్యాంకు. సోవియట్ టి-34 ట్యాంకును చూసి, దానికి దీటుగా ఏటవాలు ఉక్కు పలకలతో జర్మన్లు రూపొందించిన వాహనం ఇది. 1943 జూలైలో కుర్‌స్క్ వద్ద మొదటిసారి యుద్ధంలోకి దిగింది. మొత్తం సుమారు 6,000 తయారయ్యాయి. అచ్చు చేసేవారి దృష్టిలో దీనికి ఒక సుగుణం ఉంది. దీని పైభాగం చాలావరకు చదునైన పలకలు, తిన్నని గీతలే. వంపులు తక్కువైతే ఉక్కులో చెక్కడం తేలిక, ఖర్చూ తక్కువ.

కింది భాగం మాత్రం అంత తేలిక కాదు. పాంథర్‌కు ఒక్కొక్క వైపు ఎనిమిది ఇరుసులు, వాటిపై ఒకదాని సందులోకి ఒకటి చొచ్చుకొని ఉండే జంట చక్రాలు ఉంటాయి. వీటి చుట్టూ తిరిగే పట్టా సజావుగా నడవాలంటే చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండాలి. ఒక్క ఇరుసు వంకరగా అతుక్కుంటే పట్టా జారిపోతుంది, లేదా బండి ఒక పక్కకు లాగుతుంది. షెల్ఫులో ఉంచి చూసుకొనే బొమ్మకైతే ఇది పెద్ద లోపం కాదు. కానీ తమియా పాంథర్ మోటారుతో నడిచే బొమ్మ. అతికించినవాడి పనితనం దానిని నేలమీద పెట్టగానే బయటపడుతుంది. అందువలన భాగాలు ఒకదానిలో ఒకటి సరిగా ఒదిగేలా అచ్చులోనే జాగ్రత్త తీసుకొని, ఏ భాగం తరువాత ఏది అతికించాలో పిల్లవాడికి కూడా తెలిసేలా బొమ్మలతో సూచనల పత్రాన్ని ఇచ్చారు. తరువాతి కాలంలో తమియా కిట్లకు వచ్చిన మంచిపేరుకు ఈ రెండూ ముఖ్య కారణాలు.

పెట్టెపై బొమ్మ విషయంలోనూ సంస్థ వెనుకాడలేదు. పిల్లల పత్రికలలో యుద్ధ దృశ్యాలు, అంతరిక్ష కథల బొమ్మలు గీసి అప్పటికే పేరు తెచ్చుకొన్న చిత్రకారుడు షిగేరు కొమాట్సుజాకి (1915 - 2001) చేత బొమ్మ గీయించారు. నష్టాలలో ఉన్న చిన్న సంస్థకు అంతటి చిత్రకారుని ఒప్పించడం షున్సాకు పట్టుదల వలన సాధ్యమైంది.

1961-62 మధ్యకాలంలో అంగడికి వచ్చిన ఈ కిట్ బాగా అమ్ముడుపోయింది. చూడటానికి అసలు ట్యాంకులా ఉండటం, చెప్పినట్లు నడవటం రెండూ పిల్లలను ఆకట్టుకున్నాయి.

1/35 స్కేలు

స్కేలు అంటే అసలు వాహనానికి, నమూనాకు మధ్య ఉండే నిష్పత్తి. పాంథర్ శరీరం పొడవు, ముందుకు పొడుచుకు వచ్చే ఫిరంగిని మినహాయిస్తే, 6.87 మీటర్లు. దీనిని 35తో భాగిస్తే 19.6 సెంటీమీటర్లు వస్తుంది. ఆ కాలపు ఇతర సంస్థలలో కొన్ని 1/32, మరికొన్ని 1/40 స్కేలులో ట్యాంకులను చేసేవి. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1/76ను ఎంచుకొన్నది. మరి 35 అనే అంకె ఎక్కడిది?

దీని వెనుక పెద్ద సిద్ధాంతం ఏదీ లేదు. మోటారు, పళ్ళచక్రాలు, రెండు బ్యాటరీలు ట్యాంకు కడుపులో పట్టాలి. అవి పట్టేలా బొమ్మ పరిమాణాన్ని నిర్ణయించి, తరువాత కొలిచి చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతుగా తేలింది. తరువాతి ట్యాంకులను కూడా పాంథర్ పక్కన పెట్టుకొనేలా అదే స్కేలులో చేసారు. ఇటలీకి చెందిన ఇటలెరి, కొరియాకు చెందిన అకాడమీ, హాంకాంగ్‌కు చెందిన డ్రాగన్, చైనాకు చెందిన ట్రంపెటర్ వంటి సంస్థలు ట్యాంకుల తయారీకి వచ్చేసరికి 1/35 స్థిరపడిపోయింది. బ్యాటరీల కొలత ఒక పరిశ్రమకు ప్రమాణమైంది.

మోటారు వలన కొన్ని లోపాలూ వచ్చాయి. పాత తమియా ట్యాంకులలో కొన్నిటికి అడుగుభాగంలో స్విచ్చు కోసం అసలు వాహనంలో లేని రంధ్రాలు ఉండేవి. మోటారు లేకుండా అలంకారానికి కట్టేవారు ఈ రంధ్రాలను పలుచని ప్లాస్టిక్ రేకుతో మూసి, పూడ్చి, నునుపు చేసుకొనేవారు.

తరువాతి కాలం

పాంథర్ విజయం తరువాత సంస్థ బయటి పనివారిపై ఆధారపడకుండా సొంతంగా అచ్చులు చేసే విభాగాన్ని ఏర్పరచుకొన్నది. షున్సాకు అమెరికాలోని అబర్డీన్ ట్యాంకు ప్రదర్శనశాల వంటి చోట్లకు వెళ్ళి అసలు వాహనాలను ఫోటోలు తీసి, కొలతలు తీసుకొని వచ్చేవాడు. 1968లో సంస్థ తొలిసారి జర్మనీలోని న్యూరెంబర్గ్ ఆటవస్తువుల ప్రదర్శనలో పాల్గొన్నది. ట్యాంకులకు తోడుగా 1/35 స్కేలులో సైనికుల బొమ్మల వరుస అదే సంవత్సరం మొదలైంది. 1974లో రేడియోతో నడిచే 1/16 షెర్మన్ ట్యాంకు, 1976లో రేడియోతో నడిచే పోర్షే కారు, 1982లో మినీ ఫోర్ వీల్ డ్రైవ్ అనే చిన్న కార్లు వచ్చాయి. ఈ పనులలో ఎక్కువ భాగం కుమారుని చేతి మీదుగా జరిగినవే. వ్యాపార భారం కుమారునికి అప్పగించే వరకు సంస్థ అధిపతిగా యోషియోయే కొనసాగాడు.

భారతదేశ పాఠకులకు పరిచయమైన వాహనాలు కూడా తమియా జాబితాలో ఉన్నాయి. 1965 యుద్ధంలో భారత సైన్యం వాడిన సెంచూరియన్, పాకిస్తాన్ సైన్యం వాడిన పాటన్ తరగతి ట్యాంకులు 1/35 స్కేలులో కిట్లుగా వచ్చాయి. చెన్నై సమీపంలోని ఆవడిలో అజేయ పేరుతో తయారైన టి-72ఎం1 కూడా ఉంది, అయితే ఆ కిట్ యోషియో మరణం తరువాత వచ్చింది.

యోషియో తమియా 1988లో మరణించాడు. అప్పటికి షిజువోకా, దాని పరిసరాలు జపాను ప్లాస్టిక్ నమూనాల పరిశ్రమకు కేంద్రంగా మారాయి. అవోషిమా, ఫుజిమి, సమీపాన యైజులోని హసెగావా సంస్థలు కూడా ఈ ప్రాంతానివే. తండ్రి తరువాత సంస్థను నడిపిన షున్సాకు 2025 జూలైలో మరణించాడు. మసావో గీసిన ఎర్ర, నీలి నక్షత్రాలు తమియా పెట్టెలపై ఇప్పటికీ ఉన్నాయి.