విద్యాదాత్రి శ్రీమతి దుర్గాబాయి

దానములన్నిటిలో విద్యాదానము శ్రేష్ఠమని పెద్దలు చెప్పుదురు. కాని దానము చేయుటకు దాతయే లభింపనిచో ఏమి చేయవలెను? గత శతాబ్ది పూర్వార్ధమున మన దేశమున స్త్రీవిద్యకు కలిగిన చిక్కు ఇట్టిదే. ఉపాధ్యాయినులు లేనందున ఎందరో తలిదండ్రులు ఎదిగిన బాలికలను ఉన్నత పాఠశాలలకు పంపుటకు సంకోచించుచుండిరి. బాలికలు చదువనందున ఉపాధ్యాయినులు కరవగుచుండిరి. ఈ చిక్కుముడిని విప్పుటకు పాటుపడిన ఆంధ్ర వనిత శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదవ యేటనే వివాహమైనది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమును అంగీకరింపలేదు. తండ్రి ఆమె పక్షముననే నిలిచెను. ఆంగ్లమున బోధించు విధానమును నిరసించి ఆమె పండ్రెండవ యేట బడి విడిచెను. బడి విడిచినను చదువు విడువలేదు. హిందీ నేర్చి, బాలికలకు నేర్పుటకై ఒక పాఠశాల నెలకొల్పెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున జరిగిన ప్రదర్శనకు ఆమె స్వచ్ఛంద సేవిక. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ద్వారముకడ నిలిపివేసిన నియమపాలన ఆ బాలికది.

1930లో మదరాసున ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె చెరసాల కేగెను. అచ్చట చదువెరుగని స్త్రీ ఖైదీలను చూచెను. తమపై మోపబడిన నేరమేమో కూడ సరిగా చెప్పుకొనజాలని వారి దైన్యము ఆమె హృదయమును కలచివేసినది. ఇతరులకు తోడుపడవలెనన్న తన చదువు చాలదని గ్రహించినది. విడుదలైన పిమ్మట, ఇరువదియేండ్లు దాటిన వయస్సున, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేర నెంచగా, స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి ఎదురైనది. ఆమె పత్రికలలో ప్రకటన యిచ్చి, చదువగోరు యువతులను కూర్చుకొని, వసతి తామే ఏర్పరచుకొనిరి. 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొందెను.

తాను కష్టపడి దాటిన ఏటికి ఇతరులకై వంతెన కట్టుట ఆమె స్వభావము. 1937లో మదరాసున స్థాపించిన ఆంధ్ర మహిళాసభయే ఆ వంతెన. చిన్ననాట చదువు తప్పిన స్త్రీలకు అచ్చట శిక్షణ నొసగి, తాను వ్రాసిన ఆ కాశీ పరీక్షకే పంపిరి. చిన్న తరగతులన్నియు ఒక్కొక్క యేడుగా దాటవలసిన పని లేకయే వారు పరీక్షకు సిద్ధపడిరి. వయస్సు మీరిన స్త్రీకి చదువు పట్టుబడదను అపోహ దీనితో తొలగినది.

ఆమె రాజ్యాంగసభ సభ్యురాలై, స్వతంత్ర భారతమున 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. ఆ యేటనే శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. మహిళాసభ అనుభవమునే 1958లో మండలి దేశవ్యాప్త పథకముగా రూపొందించినది. వితంతువులు, పతి పరిత్యక్తలు, పేద గృహిణులు సంక్షిప్త కాలమున చదువు పూర్తిచేసి ఉపాధ్యాయినులుగను నర్సులుగను శిక్షణ పొందుటకు దారి యేర్పడినది. ఆ యేటనే జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమె అధ్యక్షత వహించెను. 1959లో ఆ సంఘము సమర్పించిన నివేదిక ఉపాధ్యాయినుల కష్టములను ప్రత్యేకముగ గమనించినది. పల్లెలలో వారికి నివాసగృహములు కట్టింపవలెననియు, భార్యాభర్తలిరువురు ఉపాధ్యాయులైనచో సాధ్యమైనంతవరకు ఒకేచోట నియమింపవలెననియు సూచించినది. ఒంటరిగా పరగ్రామమున తలదాచుకొను చోటు లేని స్త్రీ పాఠమెట్లు చెప్పగలదు? ఉపాధ్యాయినిని గౌరవించుట యనగా పూలదండ వేయుట కాదు, ఆమెకు నిలువ నీడ కల్పించుట యని ఆ సూచనల భావము.

1975లో పద్మవిభూషణ బిరుదము నందిన ఆమె 1981 మే 9వ తేదీన దివంగతురాలయ్యెను. హైదరాబాదున మహిళాసభ నెలకొల్పిన కళాశాలలు ఆమె పనిని కొనసాగించినవి. వెలుగుచున్న దీపము మరియొక దీపమును వెలిగించినంతమాత్రమున తన కాంతిని కోల్పోదు. ఒక స్త్రీ చదివి మరియొకరికి చెప్పుటయే ఆమె ఎన్నుకొన్న సేవ. అదియే ఆమె అర్చన.