ఫిడేలు నాయుడుగారు

ఇంటిపేరు పక్కకు తప్పుకుని, వాయిద్యమే ఇంటిపేరుగా నిలిచినవారు తెలుగుదేశంలో కొద్దిమందే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వారిలో ఒకరు. ఫిడేలు నాయుడుగారంటే చాలు, ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ళు ఎవరో చెప్పేస్తారు. మన వైపు, అంటే ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకున్నాక ఉండే మనలాంటి కుర్రాళ్ళలో ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ. ఈ సావనీరులో ఆయన జీవితం రాయడానికి అదొక కారణం. రెండో కారణం అన్నోజిగూడలో అద్దెగది తీసుకుని సాయంత్రాలు వాయించుకునే మన కాలేజీ ఆర్కెస్ట్రా.

ఆ ఆర్కెస్ట్రాలో ఎప్పుడూ ఒకటే తగువు. బేస్ గిటారు వాయించేవాడు తన సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదంటాడు. పాట అయ్యాక చప్పట్లు పాడినవాడికి, ఈలలు లీడ్ గిటారుకి. అతని నాలుగు తీగలూ ఆగిపోతే పాట కూలబడుతుంది గాని, మోగుతున్నంతసేపూ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అందుకని అతను సామాను మార్చాలని చూస్తాడు. కొత్త తీగలు వేస్తే బాగుంటుందని ఒకరంటారు, పాత తీగలే మెత్తగా పలుకుతాయని ఇంకొకరంటారు. వేళ్ళతో మీటాలా, పిక్‌తో మీటాలా అని మరో గంట. చిన్న ఆంప్లిఫయర్ అమ్మేసి పెద్దది కొంటే అన్నీ సర్దుకుంటాయని చివరికి తీర్మానం. అందులో కొంత నిజం లేకపోలేదు. బేస్ గిటారు అన్నిటికన్నా కింది తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, అరచేయంత స్పీకరు ఆ శబ్దాన్ని మోయలేదు. కాని పక్కన కూర్చుని వాయించేవాడి గౌరవం ఆంప్లిఫయర్‌తో వస్తుందా అన్నది వేరే ప్రశ్న. నూరేళ్ళ కింద మన ఫిడేలుకీ ఇదే ప్రశ్న ఉండేది.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. పిల్లవాడికి చూపు బాగా తక్కువ. బడికి పంపారు గాని నల్లబల్ల మీది అక్షరం కనబడని వాడికి ఆ రోజుల్లో బడి ఏం చేయగలదు? చదువు మధ్యలోనే ఆగిపోయింది. మా వ్యవసాయపు ఇళ్ళల్లో అయితే చూపు ఆననివాణ్ణి గొర్ల వెంట పంపడానికి కూడా ఆలోచిస్తారు. ఏ పనికీ కాడని తేల్చేసి అరుగు మీద కూర్చోబెడతారు. నాయుడుగారి అదృష్టం ఏమిటంటే, ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వచ్చు. తమ్ముడి చేతికి కమాను ఇచ్చిన మొదటి గురువు ఆయనే.

ఫిడేలు మన దేశపు వాయిద్యం కాదన్నది తెలిసిందే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో యూరోపియన్ బ్యాండు వాళ్ళ దగ్గర దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. తెచ్చాక మనవాళ్ళు రెండు మార్పులు చేశారు. తెల్లవాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. మనవాళ్ళు బాసింపట్టు వేసుకుని, ఒక కొస ఛాతీకి, ఇంకో కొస కుడి చీలమండకు ఆనించారు. బరువు మోసే పని తప్పింది కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద కిందికీ పైకీ జారుతూ గమకం పట్టగలిగింది. రెండోది శృతి. వాళ్ళ నాలుగు తీగలూ వరుసగా పంచమం ఎడంతో ఉంటే, మనవి షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, మళ్ళీ పంచమం. ఇంతచేసినా కచేరీలో దాని చోటు పక్కవాద్యమే. గాయకుడు పాడింది అందుకోవడం, ఆయన ఊపిరి తీసుకుంటే ఖాళీ నింపడం, సమయం ఇస్తే నాలుగు ఆవృత్తాలు వాయించి తప్పుకోవడం.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో ఒకరి చూపులేని కొడుక్కి సంగీతం నేర్పించడం కోసమే ఆ ఆలోచన మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఇరవైఆరేళ్ళ వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని అక్కడికి వెళ్ళారట. దాసుగారు ఆయన వాయించగా విని, విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యుడిగా చేర్చుకున్నారు. అడ్మిషన్ కోసం వెళ్ళి ఉద్యోగంతో తిరిగి రావడం మన రోజుల్లో ఊహకు కూడా అందదు. సర్టిఫికెట్ల ఫైలు లేకుండా మనల్ని గుమ్మం కూడా దాటనివ్వరు గదా. బడి చదువు పూర్తికాని మనిషిని ఒక కళాశాల ఆచార్యుణ్ణి చేసిందంటే అందులో నాయుడుగారి గొప్ప ఎంతుందో, విని పోల్చుకున్న దాసుగారి గొప్ప అంతే ఉంది. 1936లో దాసుగారి తర్వాత నాయుడుగారే ప్రిన్సిపాలు అయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఇల్లు వదిలి వచ్చి చదువుకున్నది కూడా ఈ కళాశాలలోనే.

ఇంతకీ ఆయన వాయిద్యంలో ఏముంది? పాశ్చాత్యుల కమానులోని నిండుతనాన్ని మన గమకంతో కలిపారని సంగీతం తెలిసినవాళ్ళంతా చెప్తారు. పొడుగాటి కమాను, గీరుడు లేని నాదం, చెవికి మెత్తదనం. సైన్సు విద్యార్థిని కాబట్టి దీన్ని నాకు తెలిసిన భాషలో చెప్పుకుంటాను. కమానుకు కట్టేది గుర్రపు తోక వెంట్రుకలు. వాటికి రోజనం రాస్తారు. ఆ జిగురుకు వెంట్రుక తీగను పట్టుకుని కొంత దూరం లాగుతుంది, పట్టు తప్పగానే తీగ వెనక్కి జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు 300 కంపనాలుండే స్వరమైతే ఈ పట్టుకోవడం, జారడం సెకనుకు 300 సార్లు. ఒక కమానును నాలుగు సెకన్లు లాగితే 1200 సార్లు. అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. చెయ్యి తేలికైతే తీగ మధ్యలో అదనంగా జారి ఈల కొట్టినట్టు పలుకుతుంది. బరువైతే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. బ్రిడ్జి దగ్గరకు జరిగేకొద్దీ ఒత్తిడి పెంచాలి, దూరం జరిగితే తగ్గించాలి, కమాను వేగం పెంచితే దానికి తగ్గట్టు మళ్ళీ మార్చాలి. ఇదంతా కంటితో చూసి చేసే పని కాదు. చెవి చెప్పాలి, మణికట్టు వినాలి.

ఈ లెక్కలన్నీ కట్టినవారిలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? సి.వి. రామన్. నోబెల్ బహుమతికి పన్నెండేళ్ళ ముందు, 1918లో, కమానుతో మోగే తీగల కంపనాల మీద ఆయన గ్రంథం కలకత్తాలో వెలువడింది. ఆ తర్వాత చేతికి బదులు యంత్రంతో ఫిడేలు మోగించి, ఒత్తిడి ఎక్కడెంత కావాలో కొలిచారు. రామన్ బాల్యం ఎక్కువగా విశాఖపట్నంలోనే. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, ఇంట్లో ఫిడేలు వాయించేవారు. రామన్ కన్న నాయుడుగారు అయిదేళ్ళు చిన్న. వీళ్ళిద్దరూ కలుసుకున్నారని నేను అనడం లేదు. ఒకే సముద్రపు ఒడ్డున పెరిగిన ఇద్దరిలో ఒకరు కమాను రహస్యాన్ని కాగితం మీద పట్టుకుంటే, ఇంకొకరు మణికట్టులో పట్టుకున్నారు. మన ఫిజిక్సు ల్యాబులో సోనామీటరు తీగ మీద కాగితపు ముక్క ఎగిరిపడేది చూసి రికార్డు రాసేస్తాం గాని, ఆ తీగే ఒక మనిషి జీవితం అయిందని మనకెవరు చెప్తారు?

ఇక సామాను విషయం. నాయుడుగారి కాలంలో దక్షిణాదిన ఫిడేలంటే ముగ్గురి పేర్లు చెప్పేవారు. కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళై, మైసూరు చౌడయ్య, మన నాయుడుగారు. మైకులు సరిగా లేని రోజుల్లో పెద్ద సభలో వెనక వరసకు ఫిడేలు వినపడేది కాదు. చౌడయ్యగారు దీనికి ఉపాయంగా నాలుగు తీగలకు ఇంకో మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలు చేయించుకున్నారు. నాదం పెరిగింది, ఆయనకు గొప్ప పేరు వచ్చింది. అది తప్పుదారి అనడానికి నాకు అర్హత లేదు. నాయుడుగారు మాత్రం నాలుగు తీగలే ఉంచుకున్నారు. ఉన్న తీగ నుంచి ఉన్న నాదమంతా రాబట్టడం ఆయన దారి. మన బేస్ గిటారు మిత్రుడికి ఈ రెండు దారులూ తెలిసి ఉండాలని నా అభిప్రాయం. ఆంప్లిఫయర్ కొనదలిస్తే చౌడయ్యగారి పేరు చెప్పుకుని కొనొచ్చు. అయితే చౌడయ్యగారు కూడా ఏడు తీగలను మోగించే చెయ్యి తయారయ్యాకే ఏడు తీగలు వేసుకున్నారన్నది మరిచిపోకూడదు.

పక్కవాద్యంగా ఎందరో విద్వాంసులకు సహకరించిన నాయుడుగారు 1938లో వేలూరులో మొదటిసారి సోలో కచేరీ చేశారు. గాయకుడు లేడు. ఫిడేలే నడుమ కూర్చుంది, మృదంగం దాని పక్కన కూర్చుంది. ఈనాడు ఇది మామూలు విషయం. ఆనాడు గాత్రం లేకుండా ఫిడేలు ఒక్కటే ఒక కచేరీని మొయ్యగలదా అన్నది ఎవరికైనా అనుమానమే. మోసింది. అట్లాగని ఆయన పక్కవాద్యాన్ని చిన్నచూపు చూసి వదిలేయలేదు. నడుమ కూర్చున్నా, పక్కన కూర్చున్నా కమాను ఒక్కటే.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మొదటిసారి ఇండియా వచ్చినప్పుడు నాయుడుగారి వాయిద్యం విన్నారు. తెల్లవాళ్ళ ఫిడేలు వాళ్ళ మహావిద్వాంసుడి ముందు నేల మీద కూర్చుని, కాలికి ఆనుకుని తోడి, కల్యాణి భాషలో మాట్లాడిందంటే ఆ దృశ్యం ఊహించుకోవడమే నాకు ఇష్టం. 1953లో సంగీత నాటక అకాడెమీ అవార్డు, 1957లో పద్మశ్రీ.

తంబూరా గురించి కూడా ఆయన శ్రద్ధగా ఆలోచించి రాశారు. ఫిడేలు విద్వాంసుడికి తంబూరాతో ఏం పని అనుకోవచ్చు. తంబూరా రాగం వాయించదు, తాళం వెయ్యదు, కచేరీ మొదటి నుంచి చివరిదాకా నాలుగు తీగలు మోగుతూనే ఉంటుంది. దాని వైపు ఎవరూ తల తిప్పి చూడరు. అది కొంచెం తప్పిందో, ఎంత గొప్ప కచేరీ అయినా అపశృతే. మన అన్నోజిగూడ గదిలో ఈ పని చేసేవాడు ఎవడో వేరే చెప్పనక్కర్లేదు.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. ఆయన కుటుంబంలో ఫిడేలు ఆగలేదు. కూతురు ద్వారం మంగతాయారుగారు, ఇంకా ఆ ఇంటి వాళ్ళు పలువురు ఆ కమానును ముందుకు నడిపారు. శతజయంతి సంవత్సరం 1993లో తపాలా శాఖ ఆయన పేర తపాలాబిళ్ళ వేసింది. ఆయన వాయిద్యం గ్రామఫోను రికార్డుల నాటిది. గరగర ఉంటుంది, పక్కన ఎవరో కుండలు తోముతున్నట్టు. ఇప్పుడు అవి ఫోనులోనే దొరుకుతున్నాయి. హాస్టలు గదిలో దీపాలార్పాక ఒకటి పెట్టుకుని, రాగం తెలియకపోయినా ఫర్వాలేదు, కమాను ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగే చోటు ఎక్కడ వచ్చిందో పట్టుకోవడానికి చూడండి. నాకు మూడు రాత్రులు పట్టింది, అదీ ఒక్క చోటే దొరికింది.