ధ్రువ జ్యోతుల వెంట ఒక జీవితం: క్రిస్టియాన్ బిర్కెలాండ్

మన రామగుండంలో గాలిలోని నత్రజనిని పట్టి యూరియాగా మార్చే కర్మాగారం ఉంది. నేటి గని సర్వేయరు ఓపెన్ కాస్టు అంచున నిలబడి ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి తన స్థానం తెలుసుకుంటున్నాడు. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అంటారా? ఈ రెండు దారుల్లోనూ మొదట నడిచిన వారిలో ఒకే ఒక్క మనిషి కనిపిస్తాడు. ఆయన నార్వే దేశీయుడు, పేరు క్రిస్టియాన్ బిర్కెలాండ్. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటు దొరకలేదు కనుక ఈ నాలుగు మాటలు.

బిర్కెలాండ్ 1867 డిసెంబర్ 13న, నేడు ఓస్లో అని పిలిచే క్రిస్టియానియా నగరంలో పుట్టాడు. పారిస్‌లో పాయింకారే వద్ద, జర్మనీలో హెర్ట్జ్ వద్ద విద్యుత్ తరంగాల శాస్త్రం నేర్చుకున్నాడు. 1898లో, ముప్ఫయ్యేళ్లకే, సొంత ఊరి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఇక హాయిగా పాఠాలు చెప్పుకుంటూ గడపొచ్చు. కాని ఆయన మనసంతా ఉత్తరాది ఆకాశంలో ఆకుపచ్చగా ఆడే ధ్రువ జ్యోతుల మీదే ఉండేది. అవి ఎందుకు వస్తాయి? అవి వెలిగినప్పుడల్లా దిక్సూచి ముల్లు ఎందుకు చలిస్తుంది?

జవాబు కోసం ఆయన కొండెక్కాడు. నార్వే ఉత్తర కొసన హాల్డే శిఖరం, ఎత్తు సుమారు 900 మీటర్లు. మంచు తుఫానులో చిక్కుకున్న తొలి యాత్రలో ఒక విద్యార్థి చేతివేళ్లు గడ్డకట్టి, కోసివేయవలసి వచ్చింది. అయినా 1899లో ఆ శిఖరం మీద రాతి పరిశోధనాలయం కట్టించి, చలికాలమంతా అక్కడే గడిపారు. ఆ శీతకాలపు యాత్రలో మంచుచరియ విరిగిపడి ఒక సహచరుడు ప్రాణమే కోల్పోయాడు. బొగ్గు పొరల కింద పనిచేసే కుటుంబాల్లో పుట్టిన మనకు ఇలాంటి ఖరీదు గురించి వేరే చెప్పనక్కరలేదు. 1902-03లో ఆయన నార్వే, ఐస్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నొవాయా జెమ్లియాలలో నాలుగు కేంద్రాలు నడిపి, ఒకే వేళ అయస్కాంత కొలతలు తీయించాడు.

వాటి నుంచి ఆయన తేల్చింది ఇది. సూర్యుని నుంచి విద్యుత్ కణాలు వస్తాయి. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంది. ఆ క్షేత్ర రేఖల వెంబడి విద్యుత్ ప్రవాహాలు పైనుంచి దిగి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున అడ్డంగా పారి, మళ్లీ పైకి పోతాయి. గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతపు గోళం వేలాడదీసి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పుట్టించి మరీ చూపాడు.

పరిశోధనకు డబ్బు కావాలి గదా! అందుకోసం విద్యుదయస్కాంత ఫిరంగి ఒకటి తయారుచేశాడు. 1903 ఫిబ్రవరిలో పెద్దల సమక్షంలో పేల్చబోతే షార్ట్ సర్క్యూటై పెద్ద మంట లేచింది, సభ చెదిరింది. కాని కొద్ది రోజులకే ఇంజనీరు శామ్ ఐడెతో పరిచయమైంది. గాలిలోని నత్రజనిని మండించడానికి ఐడెకు కావలసింది అలాంటి మంటే! విద్యుత్ చాపంతో నత్రజని ఎరువు తయారుచేసే బిర్కెలాండ్-ఐడె పద్ధతి అలా పుట్టింది. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ వెలిసింది. ఆ పద్ధతి కరెంటును విపరీతంగా తింటుంది. అందుకే తరువాత హేబర్-బాష్ పద్ధతి దాన్ని పక్కకు నెట్టింది. మన రామగుండం ఎరువులు ఆ రెండో దారివే. ఏమైనా ఎరువుల డబ్బును బిర్కెలాండ్ ధ్రువ జ్యోతులకే ఖర్చుపెట్టాడు.

ఇంత చేసినా లోకం ఒప్పుకోలేదు. సూర్యుడికీ అయస్కాంత తుఫానులకీ సంబంధం లేదని లార్డ్ కెల్విన్ అంతకు ముందే తీర్పు చెప్పి ఉన్నాడు. తర్వాతి తరంలో సిడ్నీ చాప్‌మన్ ఆ ప్రవాహాలు వాతావరణం లోపలే తిరుగుతాయన్నాడు. చాప్‌మన్ మాటే దశాబ్దాల పాటు చెల్లింది. బిర్కెలాండ్‌కు నిద్ర కరువైంది, దాంపత్యం చెదిరింది. 1913లో ఈజిప్టు చేరి మరో ఆకాశ కాంతిని పరిశీలించాడు. యుద్ధకాలంలో ఆసియా మీదుగా ఇంటికి బయలుదేరి, 1917 జూన్ 15న టోక్యో హోటల్ గదిలో నిద్రమందు మోతాదు మించి కన్నుమూశాడు. వయసు నలభై తొమ్మిది.

తీర్పు ఆయన పోయిన అర్ధశతాబ్దానికి మారింది. అమెరికా నావికాదళం 1963లో తన నావిగేషన్ కార్యక్రమంలో పంపిన ఉపగ్రహం మీది అయస్కాంత మాపకం ధ్రువాల మీద ఆ ప్రవాహాలను పట్టుకుంది. నేడు వాటి పేరే బిర్కెలాండ్ ప్రవాహాలు.

ఇవి పుస్తకాల్లోని ముచ్చట్లు కావు. జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతం పంపుతుంది. అది అయానోస్ఫియర్‌ను దాటేటప్పుడు దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటే అంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని రెండు పౌనఃపున్యాలు వాడి లెక్కగట్టవచ్చు. కాని ధ్రువ ప్రాంతంలో తుఫాను రేగితే ఎలక్ట్రాన్లు ముద్దలు ముద్దలుగా చెదిరి, సంకేతం నక్షత్రంలా మినుకుమంటుంది, రిసీవరు పట్టు తప్పుతుంది. 2003 అక్టోబర్ తుఫానులో విమానాలను దించేందుకు తోడ్పడే అమెరికా ఉపగ్రహ వ్యవస్థ ఎత్తు చూపడంలో గంటల తరబడి పనికిరాకుండా పోయింది. 2024 మే తుఫానుకు అక్కడి రైతుల జీపీఎస్ ట్రాక్టర్లు విత్తనాల వేళలోనే ఆగాయి.

ధ్రువాలు ఎక్కడ, గోదావరి ఎక్కడ అనుకోకండి. అక్కడి విద్యుత్ క్షేత్రం కొద్ది నిమిషాల్లోనే భూమధ్యరేఖ దాకా వ్యాపిస్తుంది. మన ఆకాశంలో పొద్దుగుంకాక లేచే అయానోస్ఫియర్ బుడగలను ఒక్కోసారి పెంచుతుంది, ఒక్కోసారి అణుస్తుంది. 1950లలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు, ఆయన శిష్యులు వాల్తేరు మీది అయానోస్ఫియర్ కదలికలను రేడియో తరంగాలతో కొలిచారు. ఈ దారిలో మనవాళ్ల అడుగులూ ఉన్నాయన్నమాట.

బిర్కెలాండ్ చెప్పినవన్నీ నిజం కాలేదు. సూర్యుని నుంచి వచ్చేవి ఎలక్ట్రాన్లే అని మొదట అనుకున్నాడు, పిమ్మట ధన కణాలూ ఉంటాయని దిద్దుకున్నాడు. పెద్దపేర్లకు తలవంచక కొలతలకు తలవంచిన మనిషి. ల్యాబులో రీడింగు పుస్తకంలోని అంకెతో కలవలేదని దిద్దబోయే ముందు, విద్యార్థి మిత్రులు ఆ కొండమీది రాతి గదిని ఒక్కసారి తలచుకుంటే చాలు.