కోనసముద్రం కొలిమి దగ్గర నిలబడ్డ డాక్టరు: హెన్రీ వెస్లీ వాయ్‌సీ

ఈ సావనీరులో మా జియాలజీ డిపార్టుమెంటు పేజీ ఏటా ఒకే తీరుగా ఉంటుంది. ఫీల్డుట్రిప్పు ఎక్కడికి పోయిందీ, ఎవరు ఏ పరీక్ష గట్టెక్కిందీ, పేద విద్యార్థుల ఫీజుల కోసం పిల్లలు డబ్బా పట్టుకుని తిరిగి చందాలు పోగుచేసిందీ, చివర్న ఎక్కడెక్కడ లెక్చరరు ఖాళీలున్నదీ – ఇంతే సంగతులు. ఈసారి సంపాదకవర్గం వారు ఆ వార్తలతోపాటు ఒక ప్రసిద్ధుని జీవితం కూడా రాసివ్వమన్నారు. నాకు ఎంచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఖాళీల పట్టిక చదివినప్పుడల్లా నా మనసులో మెదిలే మనిషి ఒకాయన ఉన్నాడు. భూగర్భ శాస్త్రవేత్త అని పేరుపెట్టి ఈ దేశంలో కంపెనీ సర్కారు జీతమిచ్చిన మొట్టమొదటి కొద్దిమందిలో ఆయన ఒకడు. ఆ కొలువు ఆయనను ఆరేండ్లు తిరక్కుండానే మింగేసింది.

ఆయన హెన్రీ వెస్లీ వాయ్‌సీ. భారత భూగర్భ శాస్త్రానికి పితామహుడని కొన్ని గ్రంథాల్లో ఆయనకు పేరు. మా విద్యార్థులకు ఆ బిరుదు కంఠతా వచ్చు, పరీక్షలో ఒక మార్కు ప్రశ్న కాబట్టి! ఆయన మన ప్రాంతంలో తిరిగినవాడన్న సంగతి మాత్రం అడిగితే తెల్లముఖం వేస్తారు.

వాయ్‌సీ 1791లో పుట్టాడు. చదివింది వైద్యం, చేరింది సైన్యంలో సర్జనుగా. రాళ్ళ మీద మమకారం ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, ఆ కాలంలో డాక్టర్లకు ఇది మామూలే. మందు చెట్లు తెలియాలంటే వృక్షశాస్త్రం, లవణాలూ ఖనిజాలూ తెలియాలంటే రసాయనం చదవాల్సిందే. రాళ్ళ శాస్త్రానికని వేరే కాలేజీ సీట్లు లేని రోజులవి.

అప్పటికి కర్నల్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే ఉత్తరంగా పాక్కుంటూ హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 1818లో దాన్ని మద్రాసు ప్రభుత్వం చేతినుంచి తీసి గవర్నర్ జనరల్ కిందికి తెచ్చారు. మహా త్రికోణమితి సర్వే అన్న పెద్దపేరు అప్పుడే పడింది. లాంబ్టన్‌కు సాయంగా ఇద్దరిని వేశారు. ఒకడు జార్జి ఎవరెస్టు – తర్వాత హిమాలయ శిఖరానికి పేరెక్కింది ఈయనదే. రెండోవాడు మన వాయ్‌సీ, సర్జనూ భూగర్భ శాస్త్రవేత్తా అన్న జంట హోదాతో. కుమావూన్ కొండల్లో 1817లో ఇలాంటి పనికే ఒకరిని పెట్టారు గాని అది నిలవలేదు. వాయ్‌సీ పని ఏమిటంటే, సర్వే దళంలో ఎవరికి జబ్బుచేసినా చూడాలి, తీరిక దొరికితే దారిపొడుగునా రాళ్ళూ గనులూ పరిశీలించి రిపోర్టు రాయాలి. మన కాలేజీల్లో లెక్చరరునే హాస్టలు వార్డెనును చేస్తారే, అచ్చం అట్లా!

తీరిక ఎంత దొరికిందో 1819లోనే తేలిపోయింది. ఆ ఏడు వానకాలంలో ఎవరెస్టు దళం కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తుండగా జ్వరం అందుకుంది. దాదాపు నూటయాభైమంది పడకేశారు. చికిత్స చేయవలసిన వాయ్‌సీ కూడా వాళ్ళలో ఒకడు. హైదరాబాదు నుంచి ఏనుగులూ పల్లకీలూ పంపి వాళ్ళను మోయించుకు రావలసి వచ్చింది. పదిహేనుమంది దారిలోనే పోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి 1820లో గుడ్‌హోప్ అగ్రానికి ఓడెక్కాడు. సింకోనా బెరడులోంచి క్వినైనును విడదీసింది కూడా ఆ 1820లోనే, ఫ్రాన్సులో. దోమ సంగతి రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో తేల్చింది 1897లో. వాయ్‌సీ నాటికి ఆ జ్వరానికి చెడ్డగాలి కారణమనుకునేవారు. ఆయన మాత్రం కోలుకుని మళ్ళీ సుత్తి పట్టుకుని బయలుదేరాడు.

ఆయన తిరిగిన చోట్లన్నీ రాస్తే ఈ పుట చాలదు. బనగానపల్లె వజ్రాల గనులకు వెళ్ళాడు. వజ్రాలు దొరికే గులకరాళ్ళ పొర ఏ శిలల నడుమ ఉందో వర్ణించాడు. ఏరి పారేసిన రాళ్ళను మళ్ళీ వెదికితే వజ్రాలు దొరుకుతాయి కాబట్టి అవి భూమిలో మళ్ళీ పెరుగుతాయని గనిపనివాళ్ళు నమ్మేవారు, దాన్నీ రాసుకున్నాడు. ఆగ్రా కట్టడాల్లో ఏ రాయి వాడారో మరొక వ్యాసం. ఇవి గొప్పవే. కాని నాకు ముఖ్యమైనది మన కోనసముద్రం.

కోనసముద్రం గోదావరికి దక్షిణాన, ఇప్పటి నిజామాబాదు జిల్లాలో ఉంది. అక్కడి కమ్మరులు మూసల్లో ఉక్కు కరిగించేవారు. వాయ్‌సీ ఆ పనిని దగ్గర నిలబడి చూసి, మూస తయారీ మొదలు ముద్ద చల్లారేదాకా రాశాడు. మట్టిలో వరిఊక కలిపి మూస చేస్తారు. ఊక కాలిపోయి మట్టి గట్టిపడి మంటకు తట్టుకుంటుంది. అందులో వేసే ఇనుము ఒకే రకం కాదు. మెట్‌పల్లి వైపు దొరికే అయస్కాంత ఇసుకనుంచి తీసిన ఇనుమొకటి, మరొకచోటి ఇనుమొకటి, ఈ రెండింటినీ తూచి పాళ్ళు కలుపుతారు. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఖనిజాన్ని గురించి కూడా ఆయన రాశాడు. మూసకు మట్టి మూతపెట్టి, బొగ్గుల కొలిమిలో అమర్చి, బర్రెతోలు తిత్తులతో ఒక పగలూ ఒక రాత్రీ ఊదుతారు. తర్వాత మెల్లగా చల్లారనిస్తారు. బయటికి తీసిన ముద్దను మళ్ళీ మట్టిపూత పూసి కాల్చి చల్లార్చడం, అదీ ఒకసారి కాదు, పలుమార్లు. ఇనుములో కర్బనం పాలు సుమారు నూటికి ఒకటిన్నర దగ్గర నిలబెట్టడమే ఇందులో కిటుకు. తక్కువైతే మెత్తబడుతుంది, మరీ ఎక్కువైతే సుత్తికింద పగిలిపోతుంది. కర్బనం లెక్కకట్టే ప్రయోగశాల ఆ కమ్మరికి లేదు. రంగుచూసి, మంటచూసి, మూసను కదిపి చెప్పేవాడు.

ఆ కొలిమి దగ్గర వాయ్‌సీకి తటస్థపడిన ఇంకో మనిషి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే వర్తకుడు. అంతదూరం నుంచి వచ్చి, ఇనుము తూచేటప్పుడు పక్కనే కూర్చుని, తయారైన ముద్దలు కొనుక్కుని పోయేవాడు. ఆ ముద్దలతోనే అక్కడ నీటిఅలల చారలున్న కత్తులు చేసేవారు. లోకం వాటిని డమాస్కస్ కత్తులన్నది. పేరు డమాస్కస్‌ది, ఉక్కు మనది! ఇరాన్‌లో ఈ ఉక్కు చేయబోయి కుదరకనే ఆయన ఇంతదూరం వచ్చాడట.

దాదాపు అవే సంవత్సరాల్లో లండనులో మైకేల్ ఫారడే మన దేశపు ఉక్కుముక్కలు ముందరేసుకుని, ఇందులో ఏముందిరా అని తల పట్టుకుంటున్నాడు. 1819లో ఆయన చేసిన విశ్లేషణ దాని గుణానికి అల్యూమినా, సిలికాలను కారణంగా చూపింది. ఆ దారి తప్పని తర్వాత తేలింది. విద్యుత్తును వశం చేసుకున్న ఫారడే ఒకవైపు, బర్రెతోలు తిత్తి ఊదే మా కమ్మరి ఒకవైపు. ఈ ఒక్క విషయంలో ఎవరు గెలిచారో చెప్పనక్కరలేదు. అయితే నాకొక బాధ ఉంది. కొన్న వర్తకుని పేరు నిలిచింది, రాసిన డాక్టరు పేరు నిలిచింది, చేసిన కమ్మరుల పేర్లు మనదాకా రాలేదు. వాయ్‌సీని నేను ఎంత మెచ్చుకున్నా ఈ లోటు పూడదు.

నేను భైంసా వాణ్ణి. మావైపు చేలల్లో ఎక్కడ తవ్వినా నల్లరేగడి, దానికింద నల్లరాయి. పత్తి బాగా పండుతుంది, వానకాలంలో మాత్రం కాలుపెడితే చెప్పు ఊడొస్తది. నిర్మల్ వైపు బస్సెక్కితే దారిలో నేల రంగు మారి ఎర్రచెల్క మొదలవుతుంది. ఆ నల్లరాయి లావా అని మా పిల్లలకు ఇప్పుడు మొదటి సంవత్సరంలోనే చెప్తాం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందట పొరలుపొరలుగా పారి గట్టిపడింది. వాయ్‌సీ కాలంలో ఇది పెద్ద తగాదా. ఇలాంటి రాయి నీళ్ళలో పేరుకున్నదని ఐరోపాలో ఒక వర్గం, నిప్పులోంచి పుట్టిందని మరొకటి. వాయ్‌సీ నిప్పు పక్షం. 1823 ఏప్రిల్‌లో బేరారులోని గావిల్‌గఢ్ కొండల్లో ఆ నల్లరాతి పొరల నడుమ ఆయనకు రాయిగా మారిన గుల్లలు దొరికాయి. లావా పొంగుకూ పొంగుకూ మధ్య చెరువులు నిలిచాయనీ, వాటిలో నత్తలు బతికాయనీ ఇప్పుడు మనం చెప్పుకునే కథకు అది తొలి ఆధారాల్లో ఒకటి. 1830లలో మాల్కంసన్ అనే మరొక సర్జను మన నిర్మల్ కొండల ప్రాంతంలోనూ అటువంటి గుల్లలు సేకరించి లండను జియలాజికల్ సొసైటీకి తెలియజేశాడు. ఆదిలాబాదు వైపు ఫీల్డుట్రిప్పు వేసినప్పుడు మా పిల్లలు వీటికోసమే వంగి వెదుకుతారు.

ఆ 1823 జనవరి 20ననే లాంబ్టన్ నాగపూరుకు పోతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. సర్వే బాధ్యత ఎవరెస్టుకు వచ్చింది. మరుసటి ఏడు వాయ్‌సీ నాగపూరు వైపునుంచి కలకత్తాకు పల్లకీలో బయలుదేరాడు. జ్వరం వదల్లేదు. 1824 ఏప్రిల్ 19న ప్రయాణంలోనే ప్రాణం పోయింది. వయసు ముప్పయిమూడు దాటలేదు. మా డిపార్టుమెంటులో ఆ వయసుకు ఇంకా పీహెచ్‌డీ సమర్పించనివాళ్ళు ఉన్నారు (వాళ్ళ తప్పు కాదులెండి, ఫెలోషిప్పులు అట్లా ఉన్నాయి).

ఆయన కట్టలు కట్టిన కాగితాలు తర్వాత ఒక్కొక్కటే వెలుగు చూశాయి. వజ్రాల వ్యాసం 1825లో ఏషియాటిక్ రిసెర్చెస్‌లో పడింది. కోనసముద్రం ఉక్కు వ్యాసం 1832లో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నలు తొలి సంపుటంలో. దాన్ని నడిపింది జేమ్స్ ప్రిన్సెప్, మన బ్రాహ్మీలిపి చదివి చెప్పిన ఆయనే. మరుసటి ఏడు హైదరాబాదు భూగర్భంపై రిపోర్టు అచ్చయింది. సొంత డైరీలోని భాగాలైతే 1844లోనూ 1850లోనూ గాని రాలేదు. మనిషి పోయిన పాతికేండ్లకు కూడా ఆయన రాతలు అచ్చవుతూనే ఉన్నాయన్నమాట.

కొలువు సంగతి వేరు. దేశమంతటికీ శాశ్వతంగా ఒక భూగర్భ సర్వే శాఖ నిలదొక్కుకున్నది 1851లో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాలో దిగిన తర్వాతే. ఆ శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల తొలినాళ్ళలో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి అలా పుట్టింది. మన ఉత్తర తెలంగాణ కుర్రవాళ్ళు ఎందరికో అన్నంపెట్టింది. అయినా ఆ శాఖలో గెజిటెడ్ హోదా గల కుర్చీలో భారతీయుడు కూర్చోవడానికి 1880 దాకా, ప్రమథనాథ్ బోస్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఇప్పుడు ఆ కుర్చీకి కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషను జియో సైంటిస్టు పరీక్ష పెడుతుంది. మెట్‌పల్లి పిల్లా రాయవచ్చు, దిమ్మదుర్తి పిల్లవాడూ రాయవచ్చు. ప్రకటన నోటీసుబోర్డు మీద అంటించాం. దయచేసి చించుకుపోకండి, అందరూ చూడాలి.

కోనసముద్రంలో కొలుములు ఎప్పుడో చల్లారాయి. 2010లో శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్ అనే ఇద్దరు విదుషీమణులు తమ బృందాలతో మన ఉత్తర తెలంగాణ ఊళ్ళలో సర్వే చేశారు. ఇనుప చిట్టెం కుప్పలూ, మూసపెంకులూ, కొలుముల జాడలూ గుర్తించి నమోదుచేశారు. వాళ్ళు ఊరూరా కమ్మరి కుటుంబాలను కూడా కలిసి, పాత పని గురించి ఎవరికేం జ్ఞాపకముందో అడిగి రాసుకున్నారు.