కొట్టేసిన మాటలు, వెయ్యని పేరు

హెన్రియెటా బౌడ్లర్ 1750లో పుట్టింది. పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్లో ఉండేది. ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోవాలని షేక్‌స్పియర్ నాటకాలు 20 తీసుకుని, పచ్చి మాటలు ఏరేసి 1807లో అచ్చు వేయించింది. ఆ పాత ఇంగ్లీషులో చాటు మాటలెన్నో! సన్యాసినుల మఠం అంటే వేశ్యల ఇల్లు అని కూడా అర్థం ఉండేది. (మా ఇంట్లోనూ అంతే, తెలుగులో అనలేనివి కన్నడంలో అంటారు.) అర్థం తెలిస్తేనే కదా కొట్టెయ్యగలిగేది? పెళ్లికాని ఆడమనిషికి ఇవన్నీ తెలుసంటే పరువు పోయేది. అందుకే పుస్తకం మీద ఆమె పేరు లేదు.

1818లో తమ్ముడు థామస్ మిగతా నాటకాలూ చేర్చి 10 సంపుటాలు తెచ్చాడు, తన పేరుతోనే. పుస్తకాల్లో ఇలా మాటలు తీసెయ్యడాన్ని బౌడ్లరైజ్ చెయ్యడం అంటారు, అదీ ఆయన పేరు మీదే. అక్క 1830లో పోయింది. మొదటి పుస్తకం ఎవరిదో అందరికీ తెలిసింది 20వ శతాబ్దంలోనే.